పట్టాలు అయిపోయేదాకా వెళ్ళిరా తల్లీ

ఉద్యోగం కోసం బెజవాడ వచ్చి ఏడాదయిందని, సెలవు ఆదివారం ఒక్కటేనని, సొంత బండి లేదని రాశావు. దుర్గమ్మ కొండ, బ్యారేజీ, భవానీ ద్వీపం, ఉండవల్లి, కొండపల్లి మొదటి మూడు నెలల్లోనే చూసేశావు. ఇక చుట్టుపక్కల ఏముంది, మీరైతే ఎలా తిరుగుతారు, మీకు బాగా ఇష్టమైన చోట్లేవి అని అడిగావు. నీ ఈడు కూతురుంది నాకు. అందుకని నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నా పద్ధతి ఇది. రైలు పట్టాలు ఎక్కడ అయిపోతాయో అక్కడిదాకా పగటి ప్యాసింజర్లో వెళ్తాను. ఒకసారి వెళ్ళిన చోటికే ఇంకో కాలంలో మళ్ళీ వెళ్తాను. కొత్త ఊళ్ళు లెక్కపెట్టుకోవడం నాకు ఎప్పుడూ పట్టలేదు.

బెజవాడ జంక్షన్ అనగానే అందరికీ మద్రాసు, హౌరా, ఢిల్లీ బళ్ళు గుర్తొస్తాయి. కానీ ఇక్కణ్ణుంచీ గుంటూరు నుంచీ బయల్దేరి, ఇక ముందుకు దారి లేక ఆగిపోయే లైన్లు నాలుగున్నాయి. రేపల్లె, బందరు, నరసాపురం, మాచర్ల. రేపల్లె దగ్గర కృష్ణ అడ్డం వస్తుంది, బందరు దగ్గర సముద్రం, నరసాపురం దగ్గర వశిష్ఠ గోదావరి, మాచర్ల దగ్గర కొండలు. ఈ లైన్లలో బండి చివరి అరగంట ఎలా ఉంటుందో చూడాలి. పెట్టెలో మిగిలినవాళ్ళంతా ఆ చివరి ఊళ్ళవాళ్ళే. సంచులు సర్దుకుంటూ ఉంటారు, నిద్రపోయే పిల్లల్ని లేపుతూ ఉంటారు, ఇంట్లో ఏం వండమని చెప్పివచ్చారో మాట్లాడుకుంటూ ఉంటారు. కొత్త మొహం మనదొక్కటే. "ఎవరింటికమ్మా?" అని తప్పకుండా అడుగుతారు. "ఎవరింటికీ కాదండీ, ఊరు చూద్దామని" అన్నావనుకో, అక్కణ్ణుంచి ఊరు చూపించే పూచీ వాళ్ళే తీసుకుంటారు. మెయిన్ లైన్లో పోయే ఎక్స్‌ప్రెస్‌లో ఈ ఆదరణ నాకెప్పుడూ దొరకలేదు. అక్కడ ఎవరి స్టేషన్ వాళ్ళది.

నేను సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగంలో 1987లో చేరాను. కృష్ణా, గుంటూరు రెండు జిల్లాల్లోనూ సంఘం లేని పెద్ద ఊరు లేదు, నేను ఎక్కని పల్లెవెలుగు దారీ లేదు. పనిమీద తిరిగిన రోజుల్లో కిటికీలోంచి చూస్తూ, "ఇక్కడ ఒకరోజు ఊరికే దిగాలి" అని ఒక చిన్న నోటుబుక్కులో రాసిపెట్టుకునేదాన్ని. రిటైరయ్యాక ఆ నోటుబుక్కు తీసి వరసగా దిగుతున్నాను.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది రేపల్లె లైను. నీకు మొదట చెప్పేది కూడా అదే, ఎందుకంటే ఒక్క ఆదివారంలో హాయిగా అయిపోతుంది.

పొద్దున బెజవాడలో బండి ఎక్కి కుడివైపు కిటికీ పక్కన కూర్చో. కృష్ణ మీద వంతెన దాటేటప్పుడు ప్రకాశం బ్యారేజీ, వెనక ఇంద్రకీలాద్రి అటువైపే కనిపిస్తాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో పైనుంచి నీళ్ళు వచ్చినప్పుడు ఆ 70 గేట్లు ఎత్తితే నది నది లాగా ఉంటుంది. వేసవిలో అదే చోట ఇసుక మేటలు, మధ్యలో పిల్లల క్రికెట్టు. పెట్టెలో ఉన్నవాళ్ళు ఏ కాలంలోనైనా సరే చేయి బయట పెట్టి రూపాయి బిళ్ళ విసిరి దణ్ణం పెట్టుకుంటారు. నేనూ పెట్టుకుంటాను. ఈ డెల్టాలో మా నోట్లోకి వెళ్ళిన ప్రతి ముద్దా ఆ నీళ్ళదే. 1850లలో కట్టిన పాత ఆనకట్ట 1952లో తెగిపోతే, దాని చోట 1957 నాటికి ఈ బ్యారేజీ లేచింది. మా నాన్న ఆ తెగిన సంవత్సరం గురించి ఇంట్లో మనిషికి జబ్బు చేసినట్టు చెప్పేవారు.

వంతెన దాటాక కృష్ణా కెనాల్ జంక్షన్లో గుంటూరు లైను విడిపోతుంది. మన బండి పెదవడ్లపూడి, చిలువూరు, దుగ్గిరాల మీదుగా తెనాలి వెళ్తుంది. దుగ్గిరాల పసుపు యార్డు ఊరు. పంట దిగే రోజుల్లో స్టేషన్లో బండి ఆగితే గాలిలోనే పసుపు తెలిసిపోతుంది. తెనాలిలో బండి మారాల్సివస్తే విసుక్కోకు. బయటికి వెళ్ళి బెల్లం జిలేబీ తిను. పంచదార పాకంది కాదు, ముదురు రంగులో ఉండే బెల్లం జిలేబీ ఇక్కడి ప్రత్యేకం. వేడిగా ఉన్నప్పుడే తినాలి, ఇంటికి కట్టించుకుని వెళ్తే సగం రుచి దారిలోనే పోతుంది.

తెనాలి నుంచి రేపల్లెకి ముప్పై నాలుగు కిలోమీటర్లకు అటూఇటూ. బండి తొందరపడదు. వేమూరు దాటాక రెండు పక్కలా చేలు తప్ప ఏమీ ఉండవు. ఆ ఏమీ లేకపోవడాన్ని చూడ్డానికే నేను వెళ్తాను. జులైలో కాలవలకి నీళ్ళు వదిలాక నారుమళ్ళు చిన్న చిన్న ఆకుపచ్చ చాపలు పరిచినట్టుంటాయి. ఆగస్టు చివరికి నాట్లు పడి నీళ్ళలో ఆకాశం కనిపిస్తుంది. కార్తీకంలో చేను వంగుతుంది. డిసెంబరులో గమనించు, కోతకు ముందే వరి మొదళ్ళలో మినుము విత్తనాలు చల్లేస్తారు. వరి కోసి ఎత్తేసరికి ఆ తేమతోనే మినుము మొలిచి ఉంటుంది. దున్నడమూ లేదు, నీళ్ళు పెట్టడమూ లేదు. సంక్రాంతికి వెళ్తే ఒకే చేలో పైన కుప్పలు, కింద లేత మినుము. ఈ సంగతి నాకు పుస్తకాల్లో కాదు, ఆ బండిలో ఎదుటి సీట్లో కూర్చున్న పెద్దాయన చెప్పాడు. చెప్తూ చెప్తూ తన స్టేషన్ వచ్చిందని గబగబా దిగిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ కనిపించలేదు.

దారిలో భట్టిప్రోలులో దిగు. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. దగ్గర దూరపు జనరల్ టికెట్ మీద మధ్యలో దిగి మళ్ళీ ఎక్కడం కుదరదు. అందుకని మొదట భట్టిప్రోలుకే టికెట్ తీసుకో, అక్కణ్ణుంచి రేపల్లెకి విడిగా తీసుకో, లేదా ఆటోలో వెళ్ళు. ఇక్కడ చూడాల్సింది పాత బౌద్ధ స్తూపం. స్తూపం అంటే పెద్ద గోపురం ఏదో ఉంటుందని ఊహించుకోకు. గడ్డి మధ్య ఇటుకల వేదిక, చుట్టూ కంచె, అంతే. మొదటిసారి నాకూ కాస్త నిరాశే అయింది. కానీ 1892లో అలెగ్జాండర్ రీ ఈ దిబ్బలోంచి ధాతువులు, అంటే అస్థికలు, దాచిన రాతి పెట్టెలు తీశాడు. వాటిమీద బ్రాహ్మి అక్షరాలున్నాయి. ఆ అక్షరాల తీరు మిగతా బ్రాహ్మికి కాస్త వేరుగా ఉందని దానికి ఈ ఊరి పేరే పెట్టారు. తెలుగు లిపి ఎలా మొదలైందో చెప్పేవాళ్ళెవరైనా భట్టిప్రోలు దగ్గర ఆగకుండా ముందుకు పోరు. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ ఇటుకల పక్కన అరగంట కూర్చున్నాను. రెండు వేల ఏళ్ళకు ముందు ఇక్కడ ఒకతను రాతిమీద అక్షరం చెక్కుతూ ఉండగా పక్కన చేలో వరి ఇలాగే ఉండి ఉంటుందా అనిపించింది. చూడ్డానికి ఏమీ లేని చోట కూర్చోవడం అలవాటు చేసుకుంటే నీకు ఈ జిల్లాలో ఒక్క ఆదివారం కూడా ఖాళీ ఉండదు.

రేపల్లెలో పట్టాలు అయిపోతాయి. చాలామంది వచ్చిన బండిలోనే తిరిగి వెళ్ళిపోతారు. నువ్వు వెళ్ళకు. అక్కణ్ణుంచి పెనుమూడి వెళ్ళు, కృష్ణ మీద పెనుమూడి-పులిగడ్డ వంతెన ఉంది. వంతెన లేని రోజుల్లో నేను పనిమీద ఆ రేవు దాటేదాన్ని. సైకిళ్ళు, పాల క్యాన్లు, పెళ్ళివాళ్ళ పెట్టెలు అన్నీ ఒకే పడవలో ఉండేవి. ఇప్పుడు బస్సులో నాలుగు నిమిషాలు కూడా పట్టదు. కుదిరితే వంతెన మొదట్లోనే దిగి కాస్త దూరం నడువు. బెజవాడలో చూసిన నదే, ఇక్కడ దాని తీరు వేరు. పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి దివిసీమని మధ్యలో పెట్టుకుని సముద్రానికి పోతుంది.

దివిసీమ పేరు వింటే నా వయసువాళ్ళకి 1977 నవంబరు 19 గుర్తొస్తుంది. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. గుంటూరులో మా వీధి పిల్లలం ఇల్లిల్లూ తిరిగి బట్టలు, బియ్యం పోగుచేశాం. లారీ ఎక్కించిన ఆ మూటలు వెళ్ళిన ఊళ్ళు ఎలా ఉంటాయో చూడాలని అప్పటినుంచీ ఉండేది. పదేళ్ళ తర్వాత ఉద్యోగంలో చేరి మొదటిసారి ఆ నేలమీద కాలుపెట్టాను. ఉప్పెనలో అందరూ పోయి తానొక్కతే మిగిలిన ఒకావిడ సంఘం ఆఫీసులో నాకు మజ్జిగ ఇచ్చింది. ఆ గ్లాసు పట్టుకుని ఏం మాట్లాడాలో తోచలేదు. నేను దివిసీమకి ఇన్నిసార్లు వెళ్ళడానికి ఆవిడ కూడా ఒక కారణం.

వంతెన దిగాక మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడి దగ్గర్లోనే. అవనిగడ్డ నుంచి బెజవాడ వచ్చే బస్సు చల్లపల్లి, కూచిపూడి, పామర్రు, ఉయ్యూరు మీదుగా వస్తుంది. కూచిపూడిలో సాయంత్రం దిగగలిగితే ఏ ఇంట్లోంచో తాళం, మువ్వల చప్పుడు వినిపించవచ్చు. సిద్ధేంద్రయోగి ఊరది. కాస్త ఆవల క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడి మొవ్వ. వెళ్ళిన దారి తిరిగిరాకుండా రైల్లో నదికి కుడిగట్టున వెళ్ళి, బస్సులో ఎడమగట్టున వస్తావు. ఈ చుట్టు నేను పదకొండుసార్లు తిరిగాను.

బందరు లైను గురించి తక్కువ రాస్తాను, ఎందుకంటే అది అందరికీ కాస్తో కూస్తో తెలుసు. గుడివాడ దాటాక గుడ్లవల్లేరు, కవుతరం, ఆ తర్వాత పెడన. పెడనలో దిగి కలంకారీ అద్దకం చూడు. బట్టని కరక్కాయ నీళ్ళలో నానబెట్టి, టేకు దిమ్మలతో ఒక్కో రంగూ విడివిడిగా అద్ది, పారే నీళ్ళలో ఉతికి ఆరేస్తారు. నలుపు రంగు ఎలా వస్తుందో అడుగు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి తీస్తారు. దిమ్మ పట్టుకున్న మనిషి చేతి వేగం చూస్తుంటే ఆ పని గంటసేపు చూసినా తనివి తీరదు. చూశాక కనీసం ఒక దుప్పటి అయినా కొను, వాళ్ళ పొద్దు మనం తీసుకున్నాం కదా. తర్వాతి స్టేషన్ చిలకలపూడి, రోల్డ్‌గోల్డ్ నగలు ఇక్కడివే. చివర బందరు. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన ఈ ఒక్క పట్నంలోనూ చుట్టుపక్కలా ముప్పై వేలమందిని తీసుకుపోయింది. అంతకుముందు ఇంగ్లీషువాళ్ళు, డచ్చివాళ్ళు పోటీపడి వ్యాపారం చేసిన రేవు. డచ్చివాళ్ళ సమాధుల మీద చెక్కిన రాతలు ఇప్పటికీ చూడొచ్చు. మంగినపూడి సముద్రం దగ్గర ఆదివారం సాయంత్రం జనం ఎక్కువ, నేనైతే మధ్యాహ్నమే చూసుకుని వచ్చేస్తాను. తొక్కుడు లడ్డు తెచ్చుకోవడం మర్చిపోకు.

మాచర్ల లైను వేరే రకం. డెల్టా పచ్చదనం చూసిన కళ్ళతో పల్నాడు చూడాలి. గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, నడికుడి మీదుగా వెళ్తుంటే మట్టి రంగు మారుతుంది, గోడలు మట్టివి పోయి రాతివి వస్తాయి, ఇళ్ళ ముందు నాపరాళ్ళ అరుగులు. మాట కూడా మారుతుంది, కాస్త గట్టిగా, నేరుగా. నేను మొదటిసారి ఈ దారిలో వెళ్ళింది 1974లో, మా నాన్నతో. అప్పుడది మీటర్‌గేజ్. మాచర్ల నుంచి బస్సులో విజయపురి సౌత్ వెళ్ళి, లాంచీలో నాగార్జునకొండ.

నాన్న బడిపంతులు. లాంచీ కదిలాక ఆయన నీళ్ళవైపు చూపించి, "మనం ఇప్పుడొక ఊరిమీదుగా వెళ్తున్నాం" అన్నారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ డ్యాముకి శంకుస్థాపన చేశారు. ఆ లోయంతా మునిగిపోతుందని తెలుసు కనుక, 1954 నుంచి 1960 దాకా లోయ అంతటా తవ్వకాలు జరిపారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి బయటపడింది. దొరికిన శిల్పాలనీ, కొన్ని కట్టడాలనీ కొండమీదికీ, ఒడ్డున ఉన్న అనుపుకీ ఎత్తి మళ్ళీ నిలబెట్టారు. మిగిలింది నీళ్ళలోకి వెళ్ళింది. ఆ నీళ్ళే మా గుంటూరు, పల్నాడు చేలకి కుడికాలవలో వస్తున్నాయి. పన్నెండేళ్ళ పిల్లకి అప్పుడు ఎంత అర్థమైందో కానీ, పడవ అంచు పట్టుకుని నీళ్ళలోకి ఊరు కనిపిస్తుందేమోనని చూసినట్టు బాగా గుర్తు.

పెద్దయ్యాక వెళ్ళినప్పుడు నన్ను పట్టుకున్నది శాసనాల్లో ఆడవాళ్ళ పేర్లు. అక్కడి మహాచైత్యానికి దానాలిచ్చింది రాజు వీరపురుషదత్తుడు కాదు, ఆయన మేనత్త శాంతిశ్రీ. ఆయన తండ్రి శాంతమూలుడు యాగాలు చేసుకుంటే, ఆ శాంతమూలుడి తోబుట్టువు బౌద్ధ స్తూపానికి దానాలిచ్చిన ఇల్లు అది. మ్యూజియంలో ఆ రాళ్ళ ముందు తొందరపడకుండా నిలబడు. శుక్రవారం మ్యూజియానికి సెలవు. లాంచీ నీటిమట్టాన్ని బట్టి, వచ్చిన జనాన్ని బట్టి నడుస్తుంది కనుక ముందురోజు ఫోన్ చేసి కనుక్కో. పక్కనే ఎత్తిపోతల ఉంది, వర్షాలు పడ్డాక అయితే బాగుంటుంది. దీనికి ఒక్క ఆదివారం చాలదు. రెండో శనివారం కలిసివచ్చినప్పుడు పెట్టుకో. మార్చి దాటాక మాత్రం వద్దు. రెంటచింతల ఎండ పేరు వినే ఉంటావు, అది ఆ దారిలోనే ఉంది.

నరసాపురం దారి నాకు ఒక పాఠం నేర్పింది. ఈ లైను కైకలూరు దాటాక కొల్లేరు అంచున పోతుంది. అటూ ఇటూ చేపల చెరువులు, ఉప్పుటేరు దాటి ఆకివీడు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య కైకలూరులో దిగితే దగ్గర్లోనే ఆటపాక, అక్కడ గూడబాతులు వందలుగా చెట్లమీదా స్టాండ్లమీదా పిల్లల్ని సాకుతూ ఉంటాయి. భీమవరం గునుపూడిలో సోమేశ్వరుడు, పాలకొల్లులో క్షీరారామలింగేశ్వరుడు. కార్తీకమాసంలో ఆర్టీసీవాళ్ళు ఒకే రోజులో పంచారామాలు ఐదూ చూపించే బస్సులు వేస్తారు. పెద్దవాళ్ళకీ, మొక్కు ఉన్నవాళ్ళకీ అది గొప్ప సదుపాయం, కాదనను. కానీ నేను ఒకసారి అలా వెళ్ళి వచ్చాక నాకు గుర్తున్నది ఐదు క్యూలైన్లు. తర్వాత ఒక్కో గుడికీ విడిగా వెళ్ళాను. గునుపూడికి పున్నమికి ఒకసారి, అమావాస్యకి ఒకసారి. పున్నమినాడు లింగం తెల్లగా, అమావాస్య నాటికి నల్లబడి ఉంటుందని అంటారు కదా, రెండూ చూసుకుని వచ్చాను. చంద్రుణ్ణి బట్టి ప్రయాణం పెట్టుకోవడం నాకు అప్పటినుంచీ అలవాటైంది.

పాఠం మాట. ఒక ఏడాది అక్టోబరు చివర్లో మా ఆయనా నేనూ నరసాపురంలో దిగి, వశిష్ఠ దాటి సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది వెళ్ళాం. నది దాటించేది పంటు. జనం, మోటారుసైకిళ్ళు, కార్లు అన్నీ ఒకే చెక్కమీద ఎక్కి అవతలి గట్టుకి పోవడం ఎంత బాగుంటుందో చెప్పలేను. కానీ తిరిగి వచ్చేసరికి గాలి లేచింది, పంటు ఆపేశారు. ఆపడమే సరైన పని. మేమే ముందు ఆలోచించుకోలేదు. రాజోలు వెళ్ళి, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు చేరేసరికి రాత్రయింది, బండి లేదు. స్టేషన్ బెంచీమీద తడిబట్టలతో తెల్లవార్లూ కూర్చున్నాం. ఆయనకి అప్పటికే ఉబ్బసం. ఆ రాత్రి ఆయన ఊపిరి వింటూ గడిపిన భయం నేను మర్చిపోలేదు. అప్పటినుంచి ఎక్కడికి వెళ్ళినా దిగగానే మొదట చేసే పని తిరుగు బండి ఎప్పుడో, అది తప్పితే ఇంకో దారేదో కనుక్కోవడం. ఆ తర్వాతే కాఫీ.

నీళ్ళమీద ఇంకో మాట కూడా వినాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండల పడవ మునిగి ఎంతమంది పోయారో నీకూ గుర్తుండే ఉంటుంది. ఏ నదిలోనైనా సరే, లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకు. ఇచ్చినా ఒళ్ళో పెట్టుకుని ఫొటోలు దిగేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. తొడుక్కుని తాడు బిగించుకో. వరద ఉన్నప్పుడు పడవవాడు బతిమాలినా వద్దు.

ఆడపిల్లవి ఒక్కదానివే తిరగొచ్చా అని నువ్వు అడగలేదు కానీ మీ అమ్మగారు అడుగుతారు. పగటి ప్యాసింజర్లో, పల్లెవెలుగులో నేను ముప్పై అయిదేళ్ళు ఒక్కదాన్నే తిరిగాను. పల్లెటూరి ఆడవాళ్ళు కూర్చున్న చోట కూర్చో, వాళ్ళు నిన్ను తమ మనిషిని చేసుకుంటారు. చీకటి పడేసరికి పెద్ద ఊళ్ళోనో తిరుగు బండిలోనో ఉండేలా చూసుకో. బాత్‌రూం కావాలంటే పెద్ద స్టేషన్ దాటకముందే. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్ళకి టికెట్ డబ్బుల్లేవు కాబట్టి ఆధార్ కార్డు సంచిలో ఉంచుకో. ఈ ఉచిత బస్సు వచ్చాక నేను కళ్ళారా చూస్తున్న మార్పు ఒకటుంది. ఇదివరకు ఆసుపత్రికో పెళ్ళికో తప్ప ఇల్లు కదలని ఆడవాళ్ళు, నలుగురు కలిసి మోపిదేవికో అమరావతికో బయల్దేరుతున్నారు. మొన్న ఉయ్యూరు దగ్గర బస్సెక్కిన ఒకావిడ, అరవై ఏళ్ళుంటాయి, సముద్రం ఎప్పుడూ చూడలేదట, చూడ్డానికి వెళ్తోంది. బందరుకి ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలోనే పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ పక్కన కూర్చున్నంతసేపూ నా కళ్ళు తడుస్తూనే ఉన్నాయి.

ఇక కారు మాట. మా అబ్బాయి కారులో కొండవీడు, కోటప్పకొండ వెళ్ళాం, ఘాట్ రోడ్లు బాగున్నాయి, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి అదే దారి. కానీ కారులో మన ఇంటిమాటలే మనతో వస్తాయి. కొత్త మాట వినాలంటే ఎదుటి సీట్లో తెలియని మనిషి ఉండాలి.

ఇంకాస్త దూరం వెళ్ళగలిగిన రోజున గుంటూరు నుంచి నంద్యాల వైపు పగటిపూట వెళ్ళే బండి ఎక్కు. గిద్దలూరు, దిగువమెట్ట దాటాక చలమ మీదుగా గాజులపల్లి దాకా నల్లమల అడవి, సొరంగాలు. వానాకాలం అయ్యాక వెళ్ళు. ఫోను లోపల పెట్టెయ్యి, అక్కడ సిగ్నల్ కూడా సరిగా ఉండదు.

ఇక ఈ ఆదివారం. బండి టైములు మారుతుంటాయి, శనివారం రాత్రే చూసుకో. జనరల్ టికెట్ ఫోన్లో తీసుకుంటే కౌంటరు దగ్గర నిలబడే పని తప్పుతుంది. పులిహోర కట్టుకో, పెరుగన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది. నీళ్ళ సీసా రెండు. ఒక పాత తుండు, కిటికీ పక్కన ఎండ పడితే పనికొస్తుంది. ఇప్పుడు వరి పాలుపోసుకునే రోజులు, వేమూరు దాటాక తలుపు దగ్గర నిలబడకుండా కిటికీ పూర్తిగా ఎత్తి కూర్చుంటే చేల వాసన లోపలికి వస్తుంది. భట్టిప్రోలులో దిగితే స్తూపం దగ్గర వేపచెట్టు నీడ ఎటువైపు పడుతుందో చూసుకుని అటు కూర్చో. "ఎవరింటికమ్మా?" అని ఎవరైనా అడిగితే ఏం చెప్పావో నాకు రాయి.